మెట్టదారిలో లారీ చప్పుడు

ఏలూరునుండి జంగారెడ్డిగూడెమునకు పోవు దారి సుమారు 50 కిలోమీటర్లు. బయలుదేరునపుడు వెనుక కొల్లేటి పల్లపు భూములు, వరిచేలు, కాలువలు. ముందుకు పోయిన కొలది నేల ఎఱ్ఱబడును, తాడిచెట్లు, మామిడితోటలు, పొగాకు బేరన్లు కనిపించును. దారి ఒక కొండను ఎక్కదు గాని, వాగువాగునకు దిగి మరల ఎక్కుచు, ఎక్కడికక్కడ బండి బలమును పరీక్షించును. పల్లమున మౌనముగా నడచిన పాత లారీ ఇచ్చట నోరు విప్పును. ఏటవాలు ఎక్కునపుడు డ్రైవరు కాలు అదిమిన వెంటనే ఇంజనునుండి, ఇత్తడి చెంబులో గోలీలు వేసి కుదిపినట్లు, టకటకమను సన్నని చప్పుడు వినబడును. దాని వెంట బండి లాగుట తగ్గును. డ్రైవర్లు దీనిని 'నాకింగు' అందురు, 'ఇంజను కొట్టుచున్న'దనియు అందురు.

ఈ చప్పుడునకు నూరేండ్లకు పైబడిన చరిత్ర గలదు. దాని కారణమును వెదకుటలో మహామేధావులు పొరపడిరి. చప్పుడును మాన్పుటకు కనుగొన్న మందు లోకమునకంతకును విషమైనది. మన మెట్టప్రాంతములో దాని నెపమున నిర్దోషులైన డ్రైవర్లు మాట పడిరి. కావున ఇది కేవలము యంత్రముల ముచ్చట కాదు.

ముందుగా ఈ ప్రాంతమునకు లారీ ఎంత ముఖ్యమో చెప్పవలెను. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిమ్మట డెల్టాలో కాలువలే రహదారులైనవి. ఏలూరు కాలువ కృష్ణా గోదావరులను కలిపినది. ధాన్యము పడవలమీద పోయెడిది. తరువాత రైలు వచ్చి ఏలూరు, తాడేపల్లిగూడెములను మద్రాసు, కలకత్తాలతో కలిపినది. మెట్టకు ఈ రెండు భాగ్యములును లేవు. కాలువ అంత ఎత్తునకు ఎక్కలేదు, నేటికిని జంగారెడ్డిగూడెమునకు రైలు లేదు. 1925లో పశ్చిమగోదావరి జిల్లా ఏర్పడి ఏలూరు దానికి ముఖ్యపట్టణమైనపుడు గాని, 2022లో జంగారెడ్డిగూడెము కొత్త ఏలూరు జిల్లాలో చేరినపుడు గాని ఈ సంగతి మారలేదు. మన్యపు వెదురు, కలప, వర్జీనియా పొగాకు, మొక్కజొన్న, ఆయిల్‌పాము గెలలు, అన్నియు చక్రములమీదనే దిగవలెను. ఎడ్లబండి పోయి లారీ వచ్చిన నాటినుండి ఇచ్చటి రైతు లాభనష్టములు ఇంజను బలముతో ముడిపడినవి.

ఇంజను లోపల జరుగునది స్థూలముగా ఇది. పిస్టను పెట్రోలు ఆవిరిని, గాలిని కలిపి సిలిండరులో అదిమివేయును. పిస్టను పైకొసకు చేరుటకు కొంచెము ముందే ప్లగ్గు నిప్పురవ్వ వేయును. అచ్చటనుండి మంట ఒక అలవలె వ్యాపించి, పిస్టనును క్రిందికి త్రోయును. మంట మతాబావలె వరుసగా కాలినంతసేపు ఇంజను ఆరోగ్యముగా నున్నట్లే. కాని మంట ఇంకను చేరని మూలనున్న మిశ్రమము, ఒత్తిడికిని వేడికిని తాళలేక, తనంతట తానే ఒక్కసారిగా అంటుకొన్నచో అది టపాకాయ అగును. ఆ దెబ్బ లోహపు గోడలను తాకి మ్రోగించును. మనము వినునది ఆ మ్రోతయే. అది కొద్దిసేపైనచో హాని లేదు. భారముతో ఏటవాలు ఎక్కుచు మైళ్లకొలది అట్లే కొట్టినచో పిస్టను తల కరగి చిల్లిపడుటయు, హెడ్డు గాస్కెట్టు కాలుటయు జరుగును.

తొలినాటి మోటారులలో ఈ బాధ అంతగా లేదు. 1908నుండి 1927వరకు తయారైన ఫోర్డు మోడల్ టీ కారులో మిశ్రమమును సుమారు నాలుగోవంతునకు మాత్రమే అదిమెడివారు. అంతకంటె గట్టిగా అదిమినచో అదే పెట్రోలుతో ఎక్కువ బలము వచ్చునని అందరికిని తెలియును. కాని అదిమిన కొలది చప్పుడు పుట్టెడిది. అనగా బలమునకును చప్పుడునకును వైరము పుట్టుకతోనే వచ్చినది.

ఈ వైరమునకు మూలము వెదకినవారిలో ముఖ్యులు ఇద్దరు. ఇంగ్లండులో హారీ రికార్డో, అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ. ఆ కాలమున అమెరికాలో చాలమంది ఈ చప్పుడునకు కొత్తగా వచ్చిన బ్యాటరీ ఇగ్నిషనే కారణమని నిందించిరి. ఆ ఇగ్నిషనును కల్పించిన చార్లెస్ కెటరింగ్ ఆ నిందను అంగీకరింపలేదు. పల్లెటూళ్లలో దీపములు వెలిగించుటకై ఆయన సంస్థ తయారుచేసిన కిరసనాయిలు ఇంజనులు కూడ ఇట్లే కొట్టుచుండెను. 1916లో ఆయన ఈ పనిని యువకుడైన మిడ్జ్‌లీకి అప్పగించెను. మిడ్జ్‌లీ సిలిండరులోని మంటను పరిశీలించి, చప్పుడు నిప్పురవ్వకు ముందు కాక, తరువాతనే పుట్టుచున్నదని గ్రహించెను. ఇగ్నిషనుపై పడిన నింద అట్లు తొలగిపోయినది, దోషము ఇంధనమునందున్నదని తేలినది.

అటుపిమ్మట జరిగినది వినోదకరము. ఎఱ్ఱని రంగు వేసినచో ఇంధనము వేడిని బాగుగా గ్రహించి చక్కగా కాలునేమోయని వారు ఊహించిరి. చేతికందిన ఎఱ్ఱని పదార్థము అయోడిను. వేసి చూడగా చప్పుడు ఆగినది. ఊహ నిజమైనదని సంతోషించిరి. కాని ఇతరమైన ఎఱ్ఱరంగులు వేసి చూడగా ఫలితము లేదు. రంగులేని అయోడిను సమ్మేళనము వేయగా చప్పుడు మరల ఆగినది. మందు పనిచేసినది గాని దానికి చెప్పిన కారణము తప్పు. రోగము కుదిరినంత మాత్రమున నిదానము సరియైనదని నమ్మరాదని ఈ కథ మనకు నేర్పును.

రికార్డో మార్గము వేరు. ఆయన ఇంధనములను పోల్చి కొలుచుటయే గాక, మంట మండు గది ఆకారమును మార్చెను. 1919లో ఆయన రూపొందించిన హెడ్డు లోపలి మిశ్రమమును సుడులు తిప్పి, మంట త్వరగా అంతటను వ్యాపించునట్లు చేసెను. మూలనున్న మిశ్రమము తనంతట తాను అంటుకొనుటకు వ్యవధియే దొరకదు. ఇది రోగమూలమునకు చేసిన చికిత్స. మిడ్జ్‌లీ బృందము మాత్రము ఇంధనములో వేయదగిన మందునకై ఒక పదార్థము వెంట ఒక పదార్థమును పరీక్షించుచు, 1921 డిసెంబరు 9న సీసపు సమ్మేళనమైన టెట్రా ఈథైల్ లెడ్డును కనుగొనెను. చిటికెడు చాలును, చప్పుడు మాయమైనది. 1923 ఫిబ్రవరిలో ఒహాయో రాష్ట్రమునందలి డేటనులో దాని విక్రయము ప్రారంభమైనది.

సీసము విషమని అప్పటికే తెలియును. 1924 అక్టోబరులో న్యూజెర్సీ రాష్ట్రమునందు దానిని తయారుచేయు కర్మాగారములో ఐదుగురు పనివారు మతి చలించి మరణించిరి. పలువురు రోగగ్రస్తులైరి. కొంతకాలము విక్రయము ఆగినది. 1926లో మరల సాగినది. ప్రపంచమంతటను దశాబ్దములపాటు మోటారుల పొగతో సీసము గాలిలో కలిసినది, పసిపిల్లల రక్తములో చేరినది. మన దేశములో 2000 ఫిబ్రవరి 1నుండి సీసము లేని పెట్రోలు మాత్రమే అమ్మవలెనను నియమము అమలునకు వచ్చినది. ప్రపంచములో చిట్టచివర అల్జీరియా దేశము 2021లో సీసపు పెట్రోలును మానినది. ఒక చప్పుడును అణచుటకు నూరేండ్లు చెల్లించిన వెల ఇది.

మన జిల్లాకు తిరిగి వత్తము. రెండవ ప్రపంచయుద్ధకాలమున తాడేపల్లిగూడెము దగ్గర విమానములు దిగుటకు నేలను చదును చేసి రన్‌వే నిర్మించిరి. అదే కాలమున, 1941లో, దేశమునందు పెట్రోలునకు రేషను వచ్చినది. ప్రజల బస్సులకును లారీలకును పెట్రోలు కరవైనది. అప్పుడు వచ్చినవి బొగ్గు బస్సులు. బండి వెనుక పెద్ద ఇనుప డ్రమ్ము. అందులో బొగ్గు వేసి, నిప్పు రాజేసి, క్లీనరు చెమటలు క్రక్కుచు పంకా త్రిప్పవలెను. కొంతసేపటికి పుట్టిన వాయువుతో ఇంజను నడచును. ఈ వాయువునకు ఒక సుగుణము గలదు. అది ఎంత అదిమినను త్వరగా టపాకాయవలె ప్రేలదు. కావున చప్పుడు ఉండదు. కాని అందులో సగమునకు పైగా మండని నత్రజనియే. అందువలన ఇంజను బలములో మూడవవంతు మొదలు దాదాపు సగమువరకు పోయెడిది. ఎత్తు వచ్చినచో ప్రయాణికులు దిగి నడచుటయు, ఒక్కొక్కపుడు త్రోయుటయు కలదని పెద్దలు చెప్పుచుండెడివారు. చప్పుడు లేకపోవుట ఆరోగ్యమునకు గుర్తు కాదని ఆ తరము భుజబలముతో నేర్చుకొన్నది.

యుద్ధానంతరము సైన్యము వదలిన లారీలు వేలమునకు వచ్చినవి. షెవర్లే, ఫోర్డు, డాడ్జి, బెడ్‌ఫర్డు బండ్లు పల్లెపల్లెకు చేరినవి. ఇవి చాలవరకు పెట్రోలువే. ఇవి మంచి పెట్రోలు త్రాగుటకు పుట్టినవి. పెట్రోలు గుణమును కొలుచుటకు అమెరికాలో గ్రాహం ఎడ్గర్ ప్రతిపాదించిన ఆక్టేను కొలమానము 1927నాటికే ఏర్పడినది. త్వరగా ప్రేలు హెప్టేనునకు సున్న, నిదానముగా కాలు ఐసో ఆక్టేనునకు నూరు. ఈ కొలత ప్రకారము కిరసనాయిలు పెట్రోలుకంటె చాల తక్కువ. కిరసనాయిలు ఇంటి దీపమునకు మంచిదేగాని పెట్రోలు ఇంజనులో పడినచో మూలమూలల టపాకాయలు ప్రేల్చును, సరిగా ఆవిరి కాక ఆయిలులో దిగును, మసి కట్టును. అది చౌకగా దొరకిన దశాబ్దములలో కల్తీ చేయువారికి కొదవ లేకపోయెను. కొట్టిన ఇంజనుకు కల్తీ కారణమగుట నిజమే. కాని అంతకంటె చెడ్డ సంగతి మరియొకటి గలదు. ఇంజను కొట్టినదనగానే యజమాని మొదట డ్రైవరునే అనుమానించుట ఆచారమైనది. పెట్రోలు అమ్ముకొని కిరసనాయిలు పోసినాడను మాట ఎన్ని కొలువులు తీసినదో లెక్క లేదు.

1953లో టారిఫ్ కమిషను నివేదిక తరువాత, దేశములో విడిభాగములు తయారుచేయక కేవలము కూర్చి అమ్ము విదేశీ సంస్థలు వెనుదిరిగినవి. 1954లో టాటావారు జర్మనీ దేశపు డైమ్లర్ బెంజి సంస్థతో కలసి డీసెలు లారీలను తయారుచేయ మొదలిడిరి. 1955లో మద్రాసు చెంతనున్న అశోక్ మోటార్సు, అశోక్ లేలాండుగా మారినది. డీసెలు ఇంజనులో ప్లగ్గు లేదు. గాలిని గట్టిగా అదిమి, ఆ వేడిలో నూనెను చిమ్మగా అది తనంతట తానే అంటుకొనవలెను. పెట్రోలు ఇంజనుకు రోగమైనది డీసెలు ఇంజనుకు ప్రాణము. అందువలన అదిమివేత ఎక్కువ, బలము ఎక్కువ, ఖర్చు తక్కువ. క్రమముగా పెట్రోలు లారీలు మెట్టదారినుండి తొలగిపోయినవి. జంగారెడ్డిగూడెము పొగాకు బేళ్లను, కొల్లేటి చేపలను మంచుగడ్డలతో దూరదేశములకు మోయునవి నేడు డీసెలు బండ్లే.

అయినను ఒకటి రెండు పాత పెట్రోలు లారీలు మిగిలియున్నవి. ఇటీవల మేము గ్రామసీమల కార్యక్రమమునకై శబ్దగ్రహణము చేయుటకు మెట్టప్రాంతమునకు పోయినపుడు, ఒక షెడ్డులో అట్టి లారీని చూచితిమి. తండ్రి కొన్న బండియను మమకారముతో యజమాని దానిని కాపాడుచు, ఉత్సవములకును సినిమావారికిని అద్దెకిచ్చుచుండెను. అది కొన్నాళ్లుగా ఎత్తులో కొట్టుచున్నది, లాగుట లేదు, పెట్రోలు ఎక్కువ త్రాగుచున్నది. ముప్పదియేండ్లుగా నడపుచున్న వృద్ధుడైన డ్రైవరు అనుమానమునకు గురియై, ఒక ప్రక్కగా తలవంచుకొని నిలుచుండెను. ఇంజను విప్పి బోరు చేయింపవలెనని యజమాని నిశ్చయించుకొనెను.

మేస్త్రీ ముందుగా పానా పట్టలేదు. డ్రైవరును దగ్గరకు పిలిచి, చప్పుడు ముందు వచ్చినదా, బలము ముందు తగ్గినదాయని అడిగెను. "బలమే ముందు తగ్గిందండి. టైమింగు సరిచేయించిన తరవాతే ఈ చప్పుడండి" అని ఆయన మెల్లగా చెప్పెను. మేస్త్రీ తల ఊపి, మొదట ప్రతి సిలిండరు ఒత్తిడిని కొలిచెను. అన్నియు దాదాపు సమముగా నున్నవి. సీసము పోయిన తరువాత పాత ఇంజనులలో వాల్వు సీట్లు అరగి ఒత్తిడి కారుట కలదు. ఇచ్చట అది లేదు. రింగులు, వాల్వులు, గాస్కెట్టు బాగున్నవన్నమాట. కావున బోరు అక్కరలేదు. ఆ ఒక్క కొలతతో యజమానికి పెద్ద ఖర్చు తప్పినది.

తరువాత టైమింగు గుర్తు చూచెను. నిప్పురవ్వ ఉండవలసినదానికంటె చాల ముందుగా పడుచున్నది. ఎవరో బలము తగ్గినదని డిస్ట్రిబ్యూటరును త్రిప్పి ముందుకు జరిపిరి. దానిని గుర్తుకు తెచ్చి, బండిని దగ్గరి ఎత్తునకు తోలించెను. చప్పుడు పోయినది, కాని బండి మునుపటికంటెను మందముగా ఎక్కినది. యజమాని పెదవి విరిచెను. మేస్త్రీ నవ్వి, అదే ఎత్తులో చోకును కొంచెము లాగి పట్టుమని డ్రైవరునకు చెప్పెను. చోకు లాగగానే లారీ ముందుకు ఉరికినది. గాలి తగ్గించినచో బలము వచ్చినదనగా, అంతవరకు మిశ్రమములో పెట్రోలు చాలుట లేదని అర్థము. ప్లగ్గులు విప్పగా వాని కొనలు సున్నమువలె తెల్లగా నుండి అదే సాక్ష్యము చెప్పినవి.

ఇక మిగిలినది పెట్రోలు వచ్చు దారి. ఫిల్టరు గిన్నెలో తుప్పురంగు మడ్డి, కార్బొరేటరు జెట్టులో సగము పూడిన రంధ్రము కనిపించినవి. ఏండ్ల తరబడి ట్యాంకు గోడలకు పేరుకొన్న మడ్డిని, నేటి పెట్రోలులోని ఇథనాలు కరగించి క్రిందికి తెచ్చినదని మేస్త్రీ అభిప్రాయము. 2025నాటికి మన దేశమున పెట్రోలులో ఇరువదివంతుల ఇథనాలు కలియుచున్నది. అది చప్పుడును పుట్టించునది కాదు. దాని ఆక్టేను పెట్రోలుకంటె ఎక్కువ. కాని దానిలో ప్రాణవాయువు ఉన్నందున, పాతకాలపు జెట్టునకు మిశ్రమము పలుచనగును. అది పాత రబ్బరు గొట్టములను మెత్తబరచును, పాత మడ్డిని కదల్చును. ట్యాంకు కడిగి, గొట్టములు మార్చి, జెట్టు శుభ్రపరచి, టైమింగును గుర్తుమీదనే యుంచగా లారీ చప్పుడు లేక ఎత్తునెక్కినది. పెట్రోలు ఖర్చునకును కారణము తేలినది. లాగని బండిని క్రింది గేరులో కాలదన్ని తోలినందుననే అది ఎక్కువ త్రాగినది.

ఆ మేస్త్రీ యజమానితో అన్న మాట మాకు మరపు రాలేదు. "బాబుగారూ, మనిషిని అనే ముందు జెట్టు ఊడదీసి చూడాలండి." యజమాని సమాధానము చెప్పలేదు. కొంతసేపటికి డ్రైవరు దగ్గరకు పోయి, బండి తాళమును ఆయన చేతిలో పెట్టెను. మా యంత్రము ఆ సమయమున నడచుచుండినను, గ్రహించుటకు అచ్చట మాటలేవియు లేవు.

ఈ చిన్న షెడ్డులో జరిగినదియు, నూరేండ్ల క్రితము ప్రయోగశాలలలో జరిగినదియు ఒకే తీరున నున్నవి. బలము తగ్గినదని మూలము వెదకక టైమింగు జరిపినవారు కొత్త రోగమును తెచ్చిరి. చప్పుడు వచ్చినదని సీసము పోసినవారు ఇంజనును మౌనము చేసి గాలిని విషము చేసిరి. మంట గదిని మార్చిన రికార్డో, చోకు లాగి చూడుమన్న మన మేస్త్రీ మాత్రము లక్షణమును ప్రక్కన పెట్టి కారణమును వెదకిరి. వరుసయు అదియే. ముందు ఎప్పుడు మొదలైనదో అడుగుట, తరువాత విప్పకుండ కొలువగలిగినది కొలుచుట, ఒక్కసారి ఒక్కదానినే మార్చి ఫలితము చూచుట, చివరకు మాత్రమే పానా పట్టుట.

మెట్టదారిలో నేడును రాత్రింబవళ్లు లారీలు దిగుచున్నవి. వానిలో కూర్చున్నవాని చెవి ఏ ప్రయోగశాల పరికరమునకును తీసిపోదు. చప్పుడు వినబడినపుడు ముందుగా అతనినే అడుగవలెను. నింద మోపుటకు ముందు అడిగినచో, ఇంజనుతోపాటు ఒక మనిషి గౌరవము కూడ దక్కును.